రేకుల కుండ ఆత్మకథ

తెలుగునాట పెళ్లి రిసెప్షన్లలో భోజనాల వరుసకు కాస్త ఎడంగా మిఠాయిలకని ప్రత్యేకంగా ఒక బల్ల వేయడం ఇప్పుడు పట్నాల్లోనే కాక పల్లెల్లోనూ కనిపించే ఏర్పాటు. రొట్టె ముక్కలను నేతిలో వేయించి పాలలోను పాకంలోను నానబెట్టి చేసే డబుల్ కా మీఠా, ఎండు ఆప్రికాట్లను ఉడికించి చేసే ఖుబానీ కా మీఠా హైదరాబాదు ముస్లింల పెళ్లి విందుల నుంచి ఆ బల్ల మీదికి వచ్చాయి. కాజాలు, బూరెలు, బొబ్బట్లు కోస్తా జిల్లాల వంటశాలల నుంచి వచ్చాయి. కేకులు, పుడ్డింగులు బేకరీల నుంచి వచ్చాయి. వాటి నడుమ ఒక పళ్లెంలో తెల్లగా, తేలికగా, మడత మీద మడతగా పూతరేకులు ఉంటాయి. బియ్యప్పిండి జారును వేడి కుండ మీద పూసి తీసిన అతి పల్చని పొరను రేకు అంటారు. అటువంటి రేకులకు నెయ్యి రాసి, పంచదార పొడి గానీ బెల్లం పొడి గానీ చల్లి మడిస్తే పూతరేకు అవుతుంది. తినేవారికి మడత కనిపిస్తుంది, మడిచిన చేయి కనిపించదు, రేకుకు రూపమిచ్చిన కుండ ఉందన్న ఊహ కూడా చాలామందికి రాదు. ఇక్కడ తన జీవితం చెప్పుకొంటున్నది అటువంటి కుండల్లో ఒకటి. చరిత్రలు రాసే పెద్దల పద్ధతిని అనుసరించి అది తనను అంతటా ‘ఈ కుండ’ అనే పేర్కొంటుంది.

పుట్టుక గురించి చెప్పవలసింది తక్కువ. ఒండ్రుమట్టిని తొక్కి మెత్తన చేసి, సారె మీద తిప్పి, చెక్కతో తట్టి, నీడన ఆరబెట్టి, ఆవంలో కాల్చడం ఏ కుండకైనా ఒకటే. నీళ్ల కుండకు కడుపు ముఖ్యం, ఎసటి కుండకు మూతి ముఖ్యం, రేకుల కుండకు మాత్రం అడుగే ప్రాణం. అది వెడల్పుగా, గుండ్రంగా, ఎక్కడా గరుకు గానీ గుంట గానీ లేకుండా నునుపుగా ఉండాలి. పొయ్యి మీద మూతి కిందికి, అడుగు పైకి వచ్చేలా బోర్లించి, లోపలికి మంట అందేలా దారి విడిచి దీనిని నిలబెడతారు. అందువల్ల ఈ కుండ తన జీవితంలో చెంబెడు నీళ్లయినా దాచిపెట్టి ఎరగదు, గుప్పెడు గింజలైనా మోసి ఎరగదు. లోపల నిప్పును భరించి వీపు మీద పని చేయించుకోవడమే దాని వృత్తి.

ఆ వృత్తికి పేరుపడిన ఊరు కోనసీమ మొదట్లో, గోదావరి పాయల నడుమ ఉన్న ఆత్రేయపురం. అక్కడ ఈ పని నిలదొక్కుకోవడానికి కావలసినవన్నీ అందుబాటులోనే ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట డెల్టాను వరిపొలాలతో నింపింది, కొబ్బరితోటలు ఎండుటాకును ఇచ్చాయి, పాడి నెయ్యిని ఇచ్చింది. రేకులు తీసేవారు ఎక్కువగా వాడే జయ అనే వరి రకం మాత్రం కొత్తది. 1965లో మొదలైన అఖిల భారత సమన్వయ వరి పరిశోధన పథకం కృషితో అది 1968లో విడుదలైంది. అంతకుముందు తరాల కుండల మీద ఇతర వరి రకాల పిండే రేకు కట్టి ఉండాలి. పరిశోధనలో పుట్టిన విత్తనం ఒక ఇంటి పనిలో ఇంతగా ఇమిడిపోయి, ఈనాడు పూతరేకు పేరు చెబితే జయ బియ్యం గుర్తుకు వచ్చేంత దగ్గరైంది.

ఈ కుండకు గర్వకారణమైన పని వివరంగా చెప్పదగినది. బియ్యాన్ని నానబెట్టి, కాటుకలా మెత్తగా రుబ్బి, వేళ్ల సందుల్లోంచి నీళ్లలా జారేంత పల్చగా కలిపి వెడల్పాటి పళ్లెంలో పోస్తారు. పొయ్యి ముందు కూర్చున్న స్త్రీ ఎండు కొబ్బరాకును కొద్దికొద్దిగా లోపలికి తోస్తూ, పల్చని గుడ్డను రెండు చేతులా అంచులు పట్టి పిండిలో ముంచి, పైకి తీసి, కుండ వీపు మీద పరిచి వెంటనే ఈవలికి లాగుతుంది. గుడ్డ వెళ్లిన దారిలో సుయ్యిమని ఆవిరి లేస్తుంది, తడి మెరుపు తగ్గుతుంది, అంచు తనంతట తాను కొంచెం పైకి లేస్తుంది. ఆ లేచిన అంచును వేళ్లతో అందుకొని ఆమె రేకును ఊడదీసి పక్కన పేరుస్తుంది. ఇదంతా రెండు మూడు క్షణాల పని. బియ్యంలోని పిండిపదార్థం నీటితో కలిసి వేడెక్కినప్పుడు దాని రేణువులు ఉబ్బి, విచ్చుకొని, జిగురుగా మారతాయి. శాస్త్రజ్ఞులు దీనిని జెలటినీకరణ అంటారు. ఆ జిగురులోని నీరు ఒక్కసారిగా ఆవిరైపోతే మిగిలేది ఎండిన పొర. సెగ తగ్గితే పొర ఊడిరాక కుండకు అంటుకుంటుంది, సెగ మించితే మాడి ముక్కలవుతుంది. సరైన సెగ ఏదో చెప్పే పరికరం ఆ పొయ్యి దగ్గర ఏదీ ఉండదు. ఆవిరి చప్పుడును బట్టి, అంచు లేచే తీరును బట్టి, ముఖానికి తగిలే వేడిని బట్టి ఆమె ఆకును లోపలికి తోయాలో ఆపాలో నిర్ణయిస్తుంది. పల్చని మట్టిగోడ కొబ్బరాకు మంటను మెల్లగా తీసుకొని వీపంతటికీ సమంగా పంచగలగడం ఈ కుండ వంతు. ఆ రెండింటి పొత్తులోనే అరచేతి గీతలు అవతలికి కనిపించేంత పల్చని రేకు పుడుతుంది.

మంచి యజమానురాలి చేతిలో కుండ ఏళ్ల తరబడి బతుకుతుంది, నిర్లక్ష్యపు చేతిలో ఒక్క పూటకే పోతుంది. వానలో తడిసిన కుండను ఆరనివ్వకుండా పొయ్యి ఎక్కిస్తే మట్టి రంధ్రాల్లోని తేమ ఆవిరై గోడను లోపలి నుంచే చీలుస్తుంది. ఎర్రగా కాగిన కుండ మీద చన్నీళ్లు చల్లితే పైపొర ముడుచుకొని, లోపలి పొర ముడుచుకోలేక నెర్రె పడుతుంది. అంటుకున్న పిండిని ఇనుప గరిటెతో గీకితే పడిన గీత ఆ తర్వాత తీసే ప్రతి రేకునూ అక్కడే చింపుతుంది. ఈ మూడు గండాలనూ ఈ కుండ త్రుటిలో దాటింది. మొదటి యజమానురాలు రోజూ పని ముగిశాక కుండను తనంతట తాను చల్లారనిచ్చి, నూనెగుడ్డతో తుడిచి, గోడవార బోర్లించేది. ఆమె తర్వాత కుండ చేతులు మారింది, ఆ తుడుపు మళ్లీ దొరకలేదు.

పూతరేకుకు పెళ్లితో ఉన్న సంబంధం రిసెప్షన్ బల్ల కంటే పాతది. పెళ్లికూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు పుట్టింటివారు వెంట ఇచ్చే మిఠాయిలను, కానుకలను సారె అంటారు. గోదావరి జిల్లాల సారెలో అరిసెలు, సున్నుండలు, లడ్డూలు, కాజాలతోపాటు పూతరేకులు వెళ్లేవి. తడి లేని వంటకం కనుక అవి రోజుల తరబడి నిలువ ఉండేవి, ఊరంతా పంచినా ఇంటికి మిగిలేవి. విందు కూడా అప్పట్లో బంతిభోజనమే. అరిటాకు ముందు వరుసగా కూర్చున్నవారికి తీపి మొదట వడ్డించేవారు, ఇంకొకటి వేయించుకోమని కొసరేవారు, తినేవారు తలపైకెత్తి చూసి చాలనో మరొకటి కావాలనో చెప్పేవారు. వడ్డించే చేతికీ ఆకుకూ మధ్య అంత మాట జరిగేది కనుక ఏది ఎవరికి ఎంత కావాలో అక్కడికక్కడే తేలిపోయేది.

నిలబడి తినే విందులు వచ్చాక ఆ మాట పోయింది. తీపి చివరికి వెళ్లింది, చివరికి వెళ్లినది వేరే బల్ల అయింది, బల్ల మీద ఎన్ని రకాలు ఉంటే ఆ ఇంటి గౌరవం అంత అన్న లెక్క స్థిరపడింది. పూతరేకు ఈ ఏర్పాటులో అన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది. రేకు గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. రాత్రి పచ్చిక మైదానంలో మంచు కురిసేచోట గంటసేపు మూత లేకుండా ఉంటే మెత్తబడి సాగుతుంది, ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెడితే పెళుసెక్కి పొడి రాలుతుంది. దీనిని ఒక చేత్తో పట్టుకొని రెండో అరచేయి కింద పెట్టి కొరకాలి. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో ఫోను ఉన్న అతిథికి అది కుదరదు. పట్టుచీర మీద పంచదార పొడి రాలుతుందని కొందరు సగం కొరికి ప్లేటులో వదిలేస్తారు, అప్పటికే నాలుగు రకాలు తిన్నవారు రుచి చూద్దామని తీసుకొని ముట్టకుండానే పక్కన పెడతారు. వందల క్షణాల ఓర్పుతో ఒక్కొక్కటిగా తీసిన రేకులు అలా తడిసిన టిష్యూ కాగితాలతో, కరిగిన ఐస్‌క్రీముతో కలిసి ఎంగిలి బుట్టలోకి వెళ్తాయి.

ఈ కుండకు ఆ సంగతి విని తెలిసింది కాదు, చూసి తెలిసింది. వండుతూ వండుతూ అతిథికి అందించే ఏర్పాటును విందుల్లో లైవ్ కౌంటర్ అంటారు. జిలేబీలకు, దోసెలకు పెట్టినట్టే పూతరేకులకూ అటువంటి కౌంటర్ పెట్టాలని ఒక రిసెప్షన్‌వారు కోరడంతో రేకులు తీసే ఇద్దరు స్త్రీలతోపాటు ఈ కుండ గడ్డి చుట్టుకొని హైదరాబాదు ప్రయాణమైంది. మొదటి గంటలో దక్కిన గౌరవం అది ఎరిగిన గౌరవాలన్నిటిలోకీ పెద్దది. పిల్లలు బల్ల అంచు పట్టుకొని నిలబడిపోయారు; ఒక ముసలావిడ అప్పుడే తీసిన ఉత్తరేకును నెయ్యి, పంచదార లేకుండానే అడిగి నోట్లో వేసుకొని, తన చిన్నప్పటి ఊరి పేరు చెప్పి, తీసినామె చేతులు పట్టుకుంది. రేకు ఎలా పుడుతుందో చూసినవారిలో ఒక్కరూ దానిని సగం తిని పారేయకపోవడం ఈ కుండ ప్రత్యేకంగా గమనించింది.

హాలులో కొబ్బరాకు మంటకు అనుమతి లేకపోవడంతో పొయ్యి స్థానంలో గ్యాస్ బర్నర్ పెట్టారు. ఆకు మంట లోపలంతా వ్యాపించి నాలుగువైపులా సెగనిస్తుంది, బర్నర్ మంట ఒకేచోట గట్టిగా తగులుతుంది; వేడెక్కిన భాగం వ్యాకోచించి, చల్లని భాగం కదలకపోతే మట్టి ఆ లాగుడును తట్టుకోలేదు. మంట తగ్గించమని స్త్రీలు రెండుసార్లు అడిగారు; వరుసలో జనం పెరుగుతున్నారని కౌంటర్ చూసే మనిషి మంటను ఇంకా పెంచాడు, వేగిరం కావడం కోసం తడిగుడ్డతో కుండను తుడిచాడు. టక్కుమన్న చిన్న చప్పుడుతో వీపు మధ్యగా ఒక నెర్రె పడింది. తర్వాత పరిచిన గుడ్డ కింద పిండి ఆ నెర్రెలోకి దిగింది, రేకు రెండుగా చిరిగి వచ్చింది, అక్కడితో కౌంటర్ ముగిసింది.

విరిగిన పనిముట్టుకు జరిగే మర్యాద ఎలాంటిదో ఆ రాత్రి తెలిసింది. అలంకరణ పూలు తీసుకెళ్లడానికి మనుషులు వచ్చారు, స్టీలు పాత్రలను లెక్కపెట్టి అప్పగించుకున్నారు, అద్దెకు తెచ్చిన దీపాలను గుడ్డల్లో చుట్టి జాగ్రత్త చేశారు. కుండను లెక్కలో ఎవరూ రాయలేదు కనుక ఎవరూ వెతకలేదు. స్త్రీలు దానిని వెనక్కి తీసుకుపోతామన్నా, పగిలినదానికి బండిలో చోటెందుకని డ్రైవరు అన్నాడు. ఇద్దరిలో పెద్దావిడ వంగి, నెర్రె వెంట బొటనవేలితో ఒకసారి తడిమి, ఏమీ అనకుండా లేచింది. తెల్లవారేసరికి ఈ కుండ హాలు వెనక ప్రహరీ పక్కన ఎంగిలి ప్లేట్ల కుప్ప మీద పడి ఉంది. దాని అంచుకు ఆనుకొని, ఎవరూ ముట్టని పూతరేకులు ముప్పాతిక పళ్లెం ఉన్నాయి. అవి దాని వీపు మీద పుట్టినవే. బియ్యం పండించిన రైతు, ఆకు ఎండబెట్టినవారు, సెగ ముందు కూర్చున్న స్త్రీలు, నెయ్యి కాచినవారు, మడిచినవారు, ఇంతమంది పని ఆ కుప్పలో ఉంది. వానలు మొదలయ్యాక ఆ రేకులు ముందు కరిగిపోయాయి, పెంకులు మిగిలాయి.

కుండ గతి అలా ఉంటే, దాని మీద పుట్టే తీపి పేరుకు మాత్రం గౌరవం దక్కింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక ప్రాంతపు నేల, నైపుణ్యం, పేరుప్రతిష్ఠలతో ముడిపడిన వస్తువు పేరును ఇతరులు వాడుకోకుండా 1999 నాటి చట్టం కల్పించే రక్షణను భౌగోళిక గుర్తింపు అంటారు. తిరుపతి లడ్డూకు 2009లో, బందరు లడ్డూకు 2017లో అది వచ్చింది. పేరుకు చట్టం రక్షణ ఇచ్చింది. ఆ పేరును నిలబెట్టిన చేతులకు రక్షణ ఇవ్వవలసినవారు విందు చేసేవారు. రకాలు తగ్గించి, వచ్చేవారిని లెక్కవేసి, పూతరేకులను మూతపెట్టిన డబ్బాల్లో ఉంచి అడిగినవారికి చేతికి అందిస్తే వృథా చాలావరకు పోతుంది. మిగిలిన వాటిని సారెలో పంచినట్టే ఇళ్లకు పంచవచ్చు, పొడి తీపి కనుక మర్నాటికి చెడదు. లైవ్ కౌంటర్ పెట్టించేవారు రేకులు తీసే మనిషి మాట ప్రకారమే మంట ఉండాలని క్యాటరింగ్‌వారితో ముందుగా చెప్పి ఉంచాలి, ఆమె కూలిని ప్రయాణపు రోజులు కలిపి ఇవ్వాలి, ఆమె పనిముట్టును స్టీలు పాత్రలతోపాటు లెక్కలో రాసి ఇంటికి చేర్చాలి. కుమ్మరి ఉన్నంతకాలం ఈ కుండకు బదులు మరో కుండ వస్తుంది, దానికి ఈ కుండ చింతించదు. సెగను చెవితో పట్టే ఆ స్త్రీ తన కూతురికి ఈ పని వద్దని చెప్పిన రోజున మాత్రం ఎన్ని కుండలున్నా పూతరేకు పుట్టదు, ఆమె ఆ మాట అనవలసిన అవసరం రాకుండా చూడడమే ఆ తీపి తిన్నవారు తీర్చవలసిన బాకీ.