నీళ్లు కాచి తాగండి, నాలుగు క్రెడిట్లు తీసుకోండి

గిద్దలూరు నియోజకవర్గం పల్లెల్లో ఉన్న సమస్యలన్నిటికీ పరిష్కారం ఎప్పుడో దొరికింది. ఆ సంగతి పల్లెల్లో వాళ్లకు ఇంకా తెలియదు గానీ డీటీపీ సెంటర్ల వాళ్లకు తెలుసు. పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తే చాలు. ఫ్లోరైడ్ కావాలా, వలసలు కావాలా, బాల్యవివాహాలు కావాలా అని అడిగి మరీ ఎక్కిస్తారు. ఊరి పేరు ఒక్కటే మనం చెప్పాలి. స్పైరల్ బైండింగ్‌కు డబ్బులు వేరే.

ఇదంతా ఎందుకంటే, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఒకటి పెట్టింది. మొదటి ఏడాది అయ్యాక 180 గంటలు ఒక ఊళ్లో పనిచేయాలి. ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి, ఒక సమస్యను పట్టుకోవాలి, చివరికి సిఫారసులతో నివేదిక రాసి కాలేజీకీ స్థానిక అధికారులకూ ఇవ్వాలి. చేస్తే నాలుగు క్రెడిట్లు. కాగితం మీద దీనికి వంక పెట్టలేం. పద్దెనిమిదేళ్ల పిల్ల ఎండాకాలంలో రాచర్ల మండలంలోనో అర్ధవీడు మండలంలోనో ఒకే ఊళ్లో 180 గంటలు తిరిగిందంటే, ఓట్లడగడానికి వచ్చే పెద్దమనిషి ఐదేళ్లలో తిరిగినదానికంటే అది ఎక్కువ.

తిరిగితే సంగతి. మన పిల్లలు తెలివైనవాళ్లు. 180 గంటల లాగ్‌బుక్‌ను ఒక్క రాత్రిలో నింపుతారు. తేదీలు వేరు గనక సిరాలూ వేరుగా ఉండాలని నీలం పెన్ను, నల్ల పెన్ను మార్చిమార్చి రాస్తారు. పేజీ కొంచెం మాసినట్టుండాలని టీ చుక్క వేసే కళాకారులూ ఉన్నారు. ఈ శ్రద్ధలో పదో వంతు ఊరి మీద పెడితే ఏమయ్యేదో ఆలోచించి లాభం లేదు, దానికి మార్కులు లేవు.

ఇక నివేదిక. అందులో అన్నిటికంటే కష్టపడి రాసేది కృతజ్ఞతల పేజీ. ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ గారికి, మెంటర్ గారికి, కన్నవాళ్లకు, స్నేహితులకు వరసగా దండాలు పెట్టాక, జాగా మిగిలితే ఊరివాళ్లకు ఒక వాక్యం. తర్వాత ఊరి జనాభా, 2011 లెక్కల ప్రకారం. ఆ లెక్కలు తీసినప్పుడు ఈ పరిశోధకురాలు అంగన్‌వాడీ పిల్ల. ఇప్పుడు తను డిగ్రీకి వచ్చింది, లెక్క మాత్రం అంగన్‌వాడీ దాటలేదు. అది ఆమె తప్పు కాదు, దేశంలో కొత్త లెక్కలు వస్తే గదా. కానీ తన కళ్లతో ఊళ్లో ఎన్ని ఇళ్లకు తాళాలున్నాయో, ఎంతమంది హైదరాబాదుకో బెంగళూరుకో కూలికి పోయారో ఎంచిన అంకె ఒక్కటైనా పక్కన రాయొచ్చు. అంత శ్రమ ఎందుకనుకుంటారు. సముద్రపు ఒడ్డున చీరాల వైపు ఎవరో రాసిన దానికి ఊరి పేరు మార్చి, కొమరోలు మండలానికి తుపాను షెల్టరూ మత్స్యకారులకు వలలూ సిఫారసు చేసినా దిద్దే సారు చూడరన్న నమ్మకం గట్టిది. ఒక్కొక్క సారు కింద ఎన్ని నివేదికలు కుప్పపడతాయో తెలిసినవాళ్లు ఆ నమ్మకాన్ని తప్పుపట్టరు.

సరే, అన్నిటికంటే గిరాకీ ఉన్న ఫ్లోరైడ్ ప్రాజెక్టునే విప్పి చూద్దాం. ప్రశ్నావళిలో ఒక ప్రశ్న ఉంటుంది: మీరు తాగే నీరు శుభ్రంగా ఉందా? అవును, కాదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తాగేవాళ్లకు తెలిసే రుచీ లేదు. ముప్పై ఏళ్లు తాగి నడుము వంగినాయన కూడా గ్లాసు ఎత్తి వెలుతురులో చూస్తే నీళ్లు తళతళా మెరుస్తుంటాయి. ఆయన అవుననే అంటాడు. ఆ అవునులన్నీ కలిపి ఒక గుండ్రటి పటం గీసి, మూడు రంగులు పూసి, గ్రామంలో అధికశాతం ప్రజలకు శుభ్రమైన నీరు అందుతోందని రాస్తారు. రాసిన వేళ్లకూ, తాగినాయన పళ్ల గారకూ మధ్య దూరం ఒక బారెడే.

పరిష్కారాల పేజీలో మొదటిది ఎప్పుడూ ఒకటే: ప్రజలు నీటిని మరిగించి, చల్లార్చి, వడగట్టి తాగేలా అవగాహన కల్పించాలి.

మరిగిస్తే క్రిములు చస్తాయి, మంచిదే. ఫ్లోరైడ్ క్రిమి కాదు. పొయ్యి మీద ఆవిరై పోయేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలోనే కూర్చుంటుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీళ్లను సగమయ్యేదాకా కాచారనుకోండి, అది లీటరుకు 6 అవుతుంది. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోమంటుంది. అంటే మన పరిశోధన ఫలితంగా ఊరు ఇంకాస్త చిక్కటి విషం తాగుతుంది, గ్యాసు ఖర్చు తనే పెట్టుకుని. ఇది రాసినవాళ్లలో బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లూ ఉంటారు. పొద్దున ల్యాబులో టైట్రేషన్ చేసిన చెయ్యే సాయంత్రం ఈ వాక్యం అతికిస్తుంది. ఈ ముక్క ఏ అవ్వకైనా చెప్పి చూడండి. "కాచి తాగడానికి కట్టెలెవరు తెస్తారు నాయనా, నీ పుస్తకమే పొయ్యిలో పెట్టుకోనా?" అని అడిగినా అడుగుతుంది. వైవాలో అంత మంచి ప్రశ్న ఇంకెవరూ వేయరు.

అవగాహన ఎవరికి లేదో కాస్త చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఈ దేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే. గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లాలోవి. 1970లో అన్నీ కలిసి ఒక జిల్లా అయ్యాయి. ఎద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోవడం ముందుగా కనిపెట్టింది రైతులేనని చెబుతారు. షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలైన డాక్టర్లు తర్వాత మనుషులను పరీక్షించి, వ్యాసం రాసి అచ్చువేశారు. అంటే ఇక్కడి రైతుకు అవగాహన వచ్చి దగ్గర దగ్గర తొంభై ఏళ్లవుతోంది. ఆ రైతు ముని మనవడికి ఇప్పుడు ఒక ఛార్టు మీద స్కెచ్ పెన్నుతో నీటి ప్రాముఖ్యత రాసి చూపించి, ఫోటో దిగి వస్తున్నాం.

ఇంతకీ ఆ అవగాహన వాక్యం ఎందుకంత ముద్దు? రాసేవాళ్లకు బద్ధకం ఉంది, కాదనను. అసలు కారణం వేరే. ప్రజలకు అవగాహన కల్పించాలి అన్నప్పుడు ఎవరికీ కోపం రాదు. పంచాయతీకి రాదు, గ్రామీణ నీటి సరఫరా శాఖకు రాదు, ట్యాంకర్ల కాంట్రాక్టరుకు రాదు, డబ్బా నీళ్ల ప్లాంటు యజమానికి రాదు. తప్పంతా తాగేవాడిది అయిపోయింది కదా. నిజంగా ఒక పిల్ల బోరు నీళ్లు పరీక్ష చేయించి, ఫలానా వీధి బోరులో ఇంత ఉంది, ట్యాంకరు ఇన్ని సార్లు రావాల్సింది ఇన్ని సార్లే వచ్చింది అని రాసిందనుకోండి. ఆ సాయంత్రానికే ఎవరో ఒకరు కాలేజీకి ఫోన్ చేస్తారు. "మనకెందుకమ్మా ఈ గొడవ, చదువుకునే పిల్లవి. అవగాహన అని రాసెయ్" అని సారు ప్రేమగా సలహా ఇస్తారు. ఆ పిల్లకు నిజమైన సామాజిక పరిశోధన ఆ పూటే మొదలైనట్టు, ఆ పూటే ముగిసినట్టు.

పెద్దలు మాత్రం ఏం నేర్పారు? ప్రతి నివేదిక ఆఖరి పేరాలో ఒక వాక్యం ఉంటుంది: వెలిగొండ పూర్తయితే ఈ ప్రాంత సమస్య శాశ్వతంగా తీరుతుంది. పిల్లలు దీన్ని కాపీ కొట్టింది ఇంటర్నెట్లో కాదు, వేదికల మీద నుంచి. పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఆ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారాక మళ్లీ కొబ్బరికాయ కొట్టారు. శ్రీశైలం జలాశయం దగ్గర కొల్లంవాగు నుంచి నల్లమల కింద 18.8 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు, 43.5 టీఎంసీల నీరు, 4.47 లక్షల ఎకరాలు. అంకెలు గిద్దలూరు బస్టాండులో సోడా కొట్టేవాడికీ కంఠతా వచ్చు. 2024 మార్చి 6న సొరంగాలను జాతికి అంకితం చేశారు; అప్పటికి ముంపు ఊళ్లవాళ్ల పరిహారం, పునరావాసం మిగిలే ఉన్నాయి. పని పూర్తికాకుండా బైండింగ్ చేసి సమర్పించే విద్య మన పిల్లలు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

ఇదే నేలమీద కంభం చెరువు ఉంది. వరదరాజమ్మ కట్టించిందని చెప్పే ఆ చెరువు విజయనగర కాలం నాటిది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. దాన్ని కట్టినప్పుడు సిఫారసుల పేజీ ఉన్నట్టు శాసనాల్లో లేదు.

చేయదలుచుకుంటే దారులు చేతికందే ఎత్తులోనే ఉన్నాయి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలి, పరీక్ష కిట్ ఇవ్వాలి. నీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు? కిట్ సీలు విప్పారా, మందు గడువు తీరిందా? అది తెలుసుకుని రాస్తే చాలు, ఒక అధ్యాయం. ఊళ్లో బోర్లన్నీ విడివిడిగా పరీక్షించి, 1.5 దాటినదానికి ఎర్ర రంగు కొడితే ఇంకొక అధ్యాయం. ఒకే ఊళ్లో ఒక బోరుకూ ఇంకో బోరుకూ ఫ్లోరైడ్ తేడా ఉంటుంది గనక ఆ రంగుకు విలువ ఉంది. శుద్ధి మీదే మనసు పడితే, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి ఉండనే ఉంది. రోజూ పాళ్లు ఎవరు కలపాలి, అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పోయాలి అన్నవి దాని చిక్కులు, వాటి మీద రాసినా పరిశోధనే. డబ్బా నీళ్ల ప్లాంటు వదిలేసే ఫ్లోరైడ్ నీళ్లు ఏ కాలవలోకి పోతున్నాయో చూసినా పరిశోధనే. చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా పోతుందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లల మీద చూపించారు. మధ్యాహ్న భోజనంలో చారు ఎంత పుల్లగా ఉందో ఎవరైనా అడిగారా? ట్యాంకరు లెక్కలకు సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామస్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. స్పైరల్ బైండింగ్ కంటే చౌక.

ఉన్నత విద్యామండలి వారికి కూడా ఒక మాట. గంటలకు రుజువు అడిగారు, ఫోటోలు అడిగారు, సంతకాలు అడిగారు. సిఫారసు అందుకున్న అధికారి జవాబు ఇవ్వాలని మాత్రం అడగలేదు. తహసీల్దారు ఆఫీసులో ఆ పుస్తకాలు ఏ బీరువా మీద ఉన్నాయో కనుక్కోవడమే వచ్చే ఏటి ప్రాజెక్టుగా ఇవ్వండి.

గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట పల్లెల్లోని సర్పంచులకు, సెక్రటరీలకు, గుమ్మంలో కూర్చున్న అవ్వలకు, తాతలకు ఒక మనవి. ఈ వేసవిలో లాగ్‌బుక్ పట్టుకుని పిల్లలు వస్తే మజ్జిగ ఇవ్వండి, నీడన కూర్చోబెట్టండి. సంతకం మాత్రం వెంటనే పెట్టకండి. ముందు మీ బోరు నీళ్లు పరీక్ష చేసి, వచ్చిన అంకెను ఆ పేజీలో రాయమనండి. ఆ అంకె కిందే సంతకం పెట్టండి.