పట్టేసిన నట్టు: ఒక ఫ్యాన్ క్లచ్ కథ

పికప్ ట్రక్కు బానెట్ ఎత్తితే రేడియేటర్ వెనక పెద్ద ఫ్యాను, దాని నడిమధ్య గుండ్రటి అల్యూమినియం డిబ్బీ కనిపిస్తాయి. ఆ డిబ్బీయే ఫ్యాన్ క్లచ్. ఇది అలాంటి ఒక క్లచ్ కథ. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక వి8 ఇంజిన్ పికప్‌లో 12 శీతాకాలాలు పనిచేసి, విప్పాల్సిన రోజున వాటర్ పంపును వదలకుండా పట్టుకుని కూర్చున్న క్లచ్ ఇది.

వాటర్ పంపును ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. ఆ తిప్పుడులో ఫ్యానుకు ఎప్పుడు ఎంత అందాలో చూసుకోవడమే క్లచ్ ఉద్యోగం. ఫ్యాను వేగం రెట్టింపైతే దాన్ని తిప్పడానికి కావలసిన శక్తి దాదాపు 8 రెట్లవుతుంది. హైవే మీద బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. అప్పుడు కూడా ఫ్యాను పూర్తి వేగంతో తిరిగితే పెట్రోలు దండగ, పైగా చెవులు హోరెత్తే మోత. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, బరువైన ట్రెయిలర్‌ను లాగుతూ ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రం ఫ్యాను గట్టిగా తిరిగి తీరాలి. అవసరం వచ్చినప్పుడు పట్టుకోవడం, తీరాక వదిలేయడం ఈ క్లచ్ జీవితమంతా చేసిన పని.

ఆ పట్టు దాని కడుపులోని చిక్కటి సిలికాన్ నూనెది. పంపు ఇరుసుకు బిగించిన పళ్లెం ఒకటి లోపల తిరుగుతుంది. ఫ్యానును మోసే పైడొప్ప దాని చుట్టూ ఉంటుంది. రెండింటిలోనూ ఒకదానికొకటి తగలకుండా ఇమిడే గాళ్లు ఉంటాయి. డొప్ప ముందువైపు రెండు లోహాల పట్టీతో చుట్టిన చిన్న స్ప్రింగు రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడిని కనిపెడుతూ ఉంటుంది. గాలి వేడెక్కితే స్ప్రింగు మెలిక మారి లోపలి కవాటాన్ని తెరుస్తుంది. నూనె గాళ్లలోకి పాకి, తిరిగే పళ్లెంతో పాటు డొప్పను కూడా లాక్కుపోతుంది. గాలి చల్లబడితే కవాటం మూసుకుంటుంది, నూనె తన అరలోకి మళ్లుతుంది, ఫ్యాను నెమ్మదిస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో కొంత నూనె గాళ్లలోకి దిగి ఉంటుంది కాబట్టి పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఫ్యాను కాసేపు హోరుమంటుంది. అది జబ్బు కాదు. ఇంజిన్ వేడెక్కక ముందే ఆ హోరు ఎంతకీ తగ్గకపోతేనే అనుమానించాలి.

పట్టేయడానికి కారణం క్లచ్ వెనకనున్న పెద్ద నట్టులో ఉంది. ఈ రకం క్లచ్‌కు విడి బోల్టులుండవు. నట్టు నేరుగా పంపు ఇరుసు మరల మీదికి ఎక్కుతుంది. ఇరుసు తిరిగేటప్పుడు ఫ్యాను గాలి ఒత్తిడికి వెనకబడుతుంది. ఆ వెనకబాటు నట్టును బిగించే వైపే ఉండేలా మరలను కోస్తారు, దారిలో ఊడిపోకూడదని. అంటే బండి నడిచిన ప్రతి మైలులోనూ ఈ నట్టుకు బిగిసే అవకాశమే తప్ప వదులయ్యే అవకాశం లేదు. దానికి తోడు ఒహాయోలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీటి తుంపర 12 ఏళ్లు మరల సందుల్లోకి చేరి తుప్పుగా గట్టిపడింది.

ఒక రోజు పంపు అడుగున ఉండే సన్నని రంధ్రం దగ్గర కూలెంట్ మరక కనిపించింది. లోపలి సీలు పోయిందని దాని అర్థం. పంపు మార్చాలంటే ముందు క్లచ్ ఊడి రావాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ తీశారు. కొంత కూలెంట్ దించి పై గొట్టం విప్పారు, ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవచాన్ని వదులు చేశారు. బెల్టును మాత్రం తీయలేదు, పుల్లీని అదే కాస్త ఆపుతుంది. రేడియేటర్ ముఖానికి అట్టముక్క అడ్డం పెట్టారు. పానా జారితే రేడియేటర్ సన్నని రేకులు వంగిపోతాయి.

మొదటి ప్రయత్నం బలంతో జరిగింది. పానాకు పొడవాటి పైపు తొడిగి లాగితే పుల్లీ బెల్టు కింద జారి నట్టుతో పాటే తిరిగింది. నట్టు మూలలు మెరుగెక్కాయి తప్ప మర కదలలేదు. ఇంకా లాగి ఉంటే మూలలు అరిగి పానాకు పట్టే దొరికేది కాదు.

రెండోసారి తొందర మానుకున్నారు. మరలు మొదలయ్యే అంచు చుట్టూ తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేశారు. మర్నాడు పుల్లీ బోల్టు తలలను కరిచిపట్టే పట్టుకర్రను ఒకవైపు పెట్టి, 36 మిల్లీమీటర్ల పలచని పానాను నట్టుకు తొడిగారు. ఈ బండి నట్టుకు మామూలు కుడి మరే కాబట్టి, బంపర్ దగ్గర నిలబడి చూసేవారికి అపసవ్యదిశలో తిప్పితే వదులవుతుంది. పానా పిడి చివర సుత్తితో ఒక్క బలమైన దెబ్బ. ఏమీ కాలేదు. రెండోది, మూడోది. నాలుగో దెబ్బకు ఎండుకొమ్మ విరిగినట్టు టక్‌మని చప్పుడైంది. మర అంచు నుంచి ఎర్రటి తుప్పు పొడి సన్నగా రాలింది. మెల్లగా లాగే బలానికి లొంగని తుప్పు ఉన్నట్టుండి పడే దెబ్బకు పగిలింది. అక్కడి నుంచి నట్టు చేతికే తిరిగింది.

మంట పెడదామన్న ఆలోచన రానివ్వకపోవడం మంచిదైంది. వేడికి క్లచ్ సీలు, లోపలి నూనె, పంపు బేరింగు, ప్లాస్టిక్ ఫ్యాను అన్నీ పాడవుతాయి. సుత్తి దెబ్బ కూడా పానా మీదే పడాలి. అల్యూమినియం డొప్ప మీదో స్ప్రింగు మీదో పడితే క్లచ్ పని అయిపోయినట్టే.

చివరి మరలు వదిలే ముందు ఫ్యానును ఒక చేత్తో మోశారు, లేకపోతే అది రేడియేటర్ మీద పడుతుంది. ఫ్యానునూ కవచాన్నీ కలిపి పైకెత్తాక క్లచ్‌ను పడుకోబెట్టకుండా, బండిలో ఉన్నట్టే నిలబెట్టి ఉంచారు. పడుకోబెడితే నూనె తప్పుచోటికి చేరి కారిపోవచ్చు. తర్వాత పరీక్ష. డొప్ప మీద జిడ్డు చారలు లేవు. చేత్తో తిప్పితే కాస్త బరువుగా, సమంగా తిరిగింది. అటూఇటూ ఊపితే ఆటలేదు. ఆట ఉన్న క్లచ్‌ను మళ్లీ బిగిస్తే కొత్త పంపు బేరింగును కూడా తినేస్తుంది.

నట్టు లోపలి మరలను వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, కొత్త పంపు ఇరుసు మీదికి ముందు చేత్తోనే ఎక్కించి, మాన్యువల్ చెప్పిన మేరకే బిగించారు. మిగిలిన బిగింపు నడకలో తానే చేసుకుంటుంది.

అన్ని బండ్ల మరలూ ఒకవైపే తిరగవు. పంపు తిరిగే దిశను బట్టి కొన్నిటికి ఎడమ మర ఉంటుంది, ఇంకొన్నిటిలో క్లచ్‌నే నాలుగు బోల్టులతో బిగిస్తారు. తప్పు దిశలో కొట్టిన ప్రతి దెబ్బా నట్టును ఇంకా బిగిస్తుంది. కాబట్టి పానా పట్టే ముందు ఆ బండి మాన్యువల్‌లో మర దిశ చూసుకోండి. నట్టు మూలలు ఒకసారి అరిగాక మళ్లీ రావు.