దిష్టి చేప

మా బావగారికి చేపలంటే ప్రాణం. ఆ ప్రాణం అస్తమానూ చేపల ప్రాణం మీదికే వస్తుంది.

హాల్లో ఈశాన్యం మూల మూడడుగుల గాజు తొట్టి. అందులో ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్ల చేప. ఆ లెక్క వాస్తు సిద్ధాంతిది. ఎనిమిదీ లక్ష్మిని పిలుస్తాయట, ఇంటిమీద పడే దిష్టంతా నల్లది లాగేసుకుంటుందట. బంగారు చేపను పెంచడం మొదలెట్టింది చైనావాళ్ళు, ఈ లెక్కా వాళ్ళ ఫెంగ్‌షూయిదే కదా, మన ఈశాన్యంతో చుట్టరికం ఎలా కుదిరింది బావగారూ అని అడిగాను. "నీకన్నీ అడ్డు ప్రశ్నలేనోయ్" అని గుప్పెడు మేత తొట్టిలో వేశారు. అది ఆ పూటకి నాలుగో గుప్పెడు.

ఇలాంటి మనిషి మీ చుట్టాల్లోనూ ఒకరుండే ఉంటారు. బాగున్నదాన్ని బాగుచేసే జాతి. తిరుగుతున్న ఫ్యాను ఆపి, కుర్చీ ఎక్కి, ఎందుకు తిరుగుతోందో విప్పి చూసే రకం. మా పెరట్లో గుబురుగా ఎదిగిన కరివేపాకు చెట్టుని చూసి "గాలాడటం లేదోయ్ దానికి" అని కత్తెర అడిగి పుచ్చుకున్నారు. అప్పట్నుంచీ మేం కరివేపాకు బజార్లో కొనుక్కుంటున్నాం.

సరే, చేప సంగతి. ఆ నల్లది గుడ్లు బయటికి పొడుచుకొచ్చిన బొద్దు రకం, దుకాణాల్లో బ్లాక్ మూర్ అంటారు. వచ్చినప్పుడు వెల్వెట్ గుడ్డ ముక్కలా నిగనిగలాడేది. ఏడాది తిరిగేసరికి పొట్ట కింద రాగి రంగు తేలింది. తర్వాత పక్కలకి పాకింది. దిష్టి లాగాల్సిన చేప తనే తెల్లబోతుంటే బావగారికి నిద్రపడుతుందా? సిద్ధాంతికి ఫోను. "పెద్ద గండమే తప్పింది, మొత్తం అదే భరించింది" అన్నాడాయన, శాంతి ఖర్చు చెప్పాడు. పై ఫ్లాట్ ఆవిడ మొన్న పేరంటానికొచ్చి తొట్టి వంక అదేపనిగా చూసిందని బావగారికి ఆ రాత్రే గుర్తొచ్చింది. చేపల దుకాణం కుర్రాడు మాత్రం ఒకే మాట: "వాటర్ ప్రాబ్లమ్ సార్." చేప చచ్చినా, ముడుచుకున్నా, పిల్లల్ని పెట్టకపోయినా ఆ కుర్రాడి దగ్గర ఉన్నది అదొక్కటే రోగం, దానికి ఒక్కటే నీలం సీసా. మిథిలీన్ బ్లూ. బూజు లాంటివాటికి వాడే మందు. దాంతో చేప నల్లబడలేదు గానీ బావగారి చేతులు, సింకు, మా అక్క తెల్ల తువ్వాలు నీలంగా మారాయి.

అసలు సంగతేమిటంటే ఆ చేపకి ఏ జబ్బూ లేదు. బ్లాక్ మూర్ పుట్టేటప్పుడు నల్లగా ఉండదు, కంచు రంగులో ఉండి ఎదుగుతూ నల్లబడుతుంది. వయసు మళ్ళేకొద్దీ చాలావాటికి ఆ నలుపు కరిగి మళ్ళీ కంచులోకో, నారింజలోకో దిగుతుంది. వెచ్చటి నీళ్ళలో అది ఇంకాస్త తొందరగా జరుగుతుందంటారు. మన వేసవి సంగతి చెప్పాలా! మనుషుల జుట్టు నెరిసినట్టే బావగారూ అన్నాను. ఆయన జుట్టుకి రంగేస్తారని ఆ క్షణంలో నాకు గుర్తురాలేదు. చేపకి కూడా ఏదో ఒకటి వేయాలన్న పట్టుదల ఆయనకి అక్కడే కలిగిందని నా అనుమానం.

మరి మిగిలిన ఎనిమిదీ కూడా పాలిపోతున్నాయి కదా, అవెందుకు అంటారు. దానికి సమాధానం నాకు తెలుసు, మా అక్కకి తెలుసు, చేపలకీ తెలుసు. ఆదివారం వస్తే ఆయన పంచె ఎగ్గట్టి తొట్టి మొత్తం ఖాళీ చేస్తారు. గులకరాళ్ళు కడుగుతారు. ఫిల్టరులోని స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండుతారు. చేపలు వదిలే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఎక్కువగా కాపురం ఉండేది ఆ స్పాంజిలోనే. వాటి కాపురం మళ్ళీ నిలదొక్కుకోవడానికి నెలకి పైనే పడుతుంది. క్లోరిన్ కలిసిన కృష్ణా నీళ్ళతో బావగారు వారం వారం వాటిని ఖాళీ చేయిస్తారు. అమ్మోనియాలో ఈదే చేపకి రంగెక్కడిది? పాతిక శాతం నీళ్ళు మార్చి, స్పాంజిని తీసిన ఆ పాత నీళ్ళలోనే జాడిస్తే చాలు అంటే, "సగం స్నానం చేసే మనిషివి నువ్వు" అన్నారు.

నల్ల గులకరాళ్ళు మురికిగా కనిపిస్తున్నాయని తెల్ల చలువరాతి ముక్కలు పరిచింది కూడా ఆయనే. అడుగు తెల్లగా ఉంటే చాలా చేపలు తామూ తేలికపడతాయి. కంటికి కనిపించే వెలుగుని బట్టి చర్మకణాల్లోని నల్లటి రేణువులు విచ్చుకోవడమో, ముడుచుకోవడమో చేస్తాయి. తేనెటీగల నాట్యభాష విప్పి 1973లో నోబెల్ పంచుకున్న కార్ల్ వాన్ ఫ్రిష్ కుర్రతనంలో కుస్తీ పట్టింది చేపల రంగు మార్పుతోనే. ఈ ముక్క చెబితే, "ఆయన చేపలు వేరు, హైదరాబాదు చేపలు వేరు" అని కొట్టిపారేశారు.

రాత్రి నిద్రలోనూ చాలా చేపలు రంగు తగ్గించుకుంటాయి. ఇది తెలియక బావగారు అర్ధరాత్రి లేచి టక్కున లైటు వేసి చూస్తారు. పాలిపోయి కనిపిస్తాయి. గాజు మీద వేలితో కొట్టి లేపుతారు. ఇంకా పాలిపోతాయి. బెదిరిన చేప రంగు దాచుకుంటుందని మా మేనకోడలికి చెప్పాను. అది పుస్తకంలోంచి తలెత్తకుండానే, "పరీక్షల ముందు నాన్న నా బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూచుంటారు చూడు మామయ్యా, అప్పుడు నా మొహం కూడా అదే రంగు" అంది.

ఎరుపూ పసుపూ ఇచ్చే కెరటినాయిడ్లని చేప తన ఒంట్లో తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ఈ మాట నేనే చెప్పాను, అది చాలు ఆయనకి. మొదట క్యారెట్ కోరు. తర్వాత స్పైరులీనా. ఆ తర్వాత, ఉడికిస్తే రొయ్య ఎర్రబడేది అస్టాజాంతిన్ వల్లేనని ఎక్కడో చదివి, ఉల్లిపాయ కూడా వంటింటి గడప దాటని ఇంటికి ఎండు రొయ్యలు పొట్లం కట్టించుకొచ్చారు. మేడ మీద, పాత మిక్సీలో, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని పొడి కొట్టారు. మా అక్క ఆ మిక్సీతో పాటు ఆయన్నీ రెండు రోజులు గుమ్మం బయటే ఉంచింది. ఒప్పుకోవాలి, బంగారు చేపలకి మాత్రం కాస్త ఎరుపు తిరిగొచ్చింది.

అంతకుముందు గులాబీ, ఆకుపచ్చ గీతల గాజు చేపలు కొన్నారు. అవి మన చెరువుల్లో ఉండే పారదర్శకమైన చేపలే, సూదితో రంగు ఎక్కించి అమ్ముతారు. కొన్ని నెలల్లో రంగు దిగిపోయింది. చాలా చేపలు ఆ సూది పోటుకే చస్తాయని తెలిసిన రోజు ఆయన దుకాణానికెళ్ళి చేసిన గొడవ వీధి వీధంతా విన్నది. "పసిగుడ్డుకి పచ్చబొట్టు పొడుస్తావురా!" అని అరిచారట. వాటర్ ప్రాబ్లమ్ అని అనే ధైర్యం కూడా కుర్రాడికి లేకపోయింది.

ఈ మనిషితో వచ్చిన చిక్కే అది, తిట్టుకుందామంటే పూర్తిగా కుదరదు. మొన్న గాలివానకి రాత్రంతా కరెంటు పోయింది, పంపు ఆగింది, చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. బావగారు స్టూలు వేసుకుని, చెంబుతో నీళ్ళు ముంచి మళ్ళీ పైనుంచి ధారగా పోస్తూ తెల్లవార్లూ కూర్చున్నారు. అలా పోస్తే నీళ్ళలో ప్రాణవాయువు కలుస్తుంది. ఆ ఒక్క రాత్రి ఆయన చేసిన పని నూటికి నూరు పాళ్ళూ సరైనది. చెంబు మా అక్క పూజ చెంబు, అది వేరే సంగతి.

ఇప్పుడు నల్లది పూర్తిగా నారింజకి తిరిగింది. తొట్టిలో తొమ్మిదీ బంగారాలే. దిష్టికి దిక్కులేదని కొత్త నల్ల చేపని బేరం చేయడానికి నన్నూ వెంట తీసుకెళ్ళారు. "రంగుకి ఎన్నేళ్ళు గ్యారంటీ?" అన్న ప్రశ్న విని కుర్రాడు లోపలికెళ్ళి వాళ్ళ నాన్నని పంపాడు. గ్యారంటీ కుదరలేదు, గుప్పెడు మేత కొసరు కుదిరింది.

వారమైనా కాలేదు, పొద్దున్నే వీడియో కాల్. తొట్టికి ఫోను ఆనించి పెట్టారు.

"పొట్ట కింద చూడవోయ్, రాగి రంగు కనపడుతోందా?"

"లేదు బావగారూ, నల్లగానే ఉంది."

"ముందు నువ్వా ఫోను మార్చు. ఆదివారం వస్తాను, ఓసారి విప్పి చూద్దాం."