ముప్పై రెండు తలల బతుకమ్మ

జనగామ చౌరస్తాలో తలెత్తితే ఆకాశం కనబడాలని రూలేం లేదు. పండుగ పూట అసలే కనబడదు. బతుకమ్మ శుభాకాంక్షల ఫ్లెక్సీ అని పేరే గానీ, అందులో బతుకమ్మను వెతకాలంటే కళ్లద్దాలు తుడుచుకోవాలి. పై వరుసలో గుండ్రటి ఫొటోల్లో ఢిల్లీ పెద్దలు. వాళ్ల కింద హైదరాబాద్ పెద్దలు. ఎడమ పక్క నిలువెత్తున ఎమ్మెల్యే గారో, కాబోయే ఎమ్మెల్యేనని అనుకుంటున్నవారో. కుడి పక్క అంతకు రెండంగుళాలు తగ్గి, దండం పెడుతూ, ఖర్చు పెట్టుకున్న యువనాయకుడు. అడుగున ‘శుభాకాంక్షలతో’ అని రాసి స్టాంపు సైజులో ముప్పై రెండు తలకాయలు. ఆ తలకాయలకూ యువనాయకుడి మోచేతికీ మధ్య మిగిలిన బెత్తెడు జాగాలో బతుకమ్మ. పండుగ ఆమెది కాబట్టి మొహమాటానికి పెట్టారు.

హైదరాబాద్‌లో డిజైన్ చదివొచ్చిన పిల్లలు దీన్ని చూసి ముక్కు చిట్లిస్తారు. కాస్త ఖాళీ వదిలితే కంటికి హాయిగా ఉంటుందట. ఉంటుంది. కానీ ఫ్లెక్సీకి రేటు అడుగు లెక్కన. తలకాయ ఉన్న అడుగుకు ఎంతో, ఖాళీ అడుగుకూ అంతే. డబ్బులిచ్చి ఖాళీ కొనుక్కునే అమాయకుడు రాజకీయాల్లోకి ఎందుకొస్తాడు?

మా దగ్గర అసలు ఎడిటర్లు పత్రికాఫీసుల్లో లేరు, ఫ్లెక్సీ షాపుల్లో ఉన్నారు. ఎవరి తల ఎవరి పక్కన ఉండాలి, ఎవరి చెయ్యి ఎవరి భుజం మీద పడకూడదు, నిన్న పార్టీ మారినాయన్ని కండువా రంగు మార్చి ఉంచాలా, మొత్తానికే లేపెయ్యాలా... ఇవన్నీ ఫొటోషాప్ ముందు కూర్చున్న పాతికేళ్ల పిల్లగాడికి నోటికొచ్చు. పక్కన అను ఫాంట్లు, ఎదురుగా చల్లారిన చాయ్. వాట్సాప్‌లో వచ్చిన సెల్ఫీలోంచి తలను కోసి తీస్తాడు. చెంప మీది మచ్చ తుడుస్తాడు, రంగు ఒక మెట్టు పెంచుతాడు. గళ్ల చొక్కా విప్పేసి ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా తొడుగుతాడు. దండం పెడుతున్న ఆ తెల్ల చొక్కా మొండెం అతని కంప్యూటర్‌లో ఒక్కటే ఉంది. జిల్లాలో ఇన్ని వేలమంది జనానికి చేతులు జోడిస్తున్నారు కదా, ఆ చేతులన్నీ ఎవరో ఒక్కడివే. అతగాడెవడో గానీ అన్ని పార్టీలకూ సమానంగా సేవ చేస్తున్న ఏకైక కార్యకర్త.

ఆ షాపులో రోజూ జరిగే బేరం ఇలా ఉంటుంది:

“తమ్మీ, మా బామ్మర్ది తలకాయ చిన్నగైంది.”

“ఆయన పదవేందన్నా?”

“మండల ఉపాధ్యక్షుడు.”

“గా పదవికి గా సైజే వస్తది. పదవి పెంచుకొని రమ్మను, తలకాయ నేను పెంచుత.”

ఈ కొలతలు ఆ పిల్లగాడు కనిపెట్టినవి కావు. పక్కనే ఉన్న చేర్యాల నకాషీ పటాల్లో ఉన్నాయి. ఎర్రటి నేల, అడ్డంగా అరలు, అరకో ఘట్టం. కథలో ఎవరు గొప్పో వాళ్ల బొమ్మ పెద్దది, పరివారం చిన్నది. పద్మశాలీల ఇళ్ల ముందు కూనపులివారు పటం దించి మార్కండేయ పురాణం చెబుతుంటే చూసినవాళ్లకు ఫ్లెక్సీ కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే. పటంలో పెద్ద బొమ్మ మార్కండేయుడిది, డబ్బులిచ్చిన కులపెద్దది కాదు. ఇప్పుడు కులపెద్ద ఉన్నాడు, మార్కండేయుడికి జాగా చాల్లేదు. ఇంకో ముచ్చట. 2016లో చేర్యాల సిద్దిపేట జిల్లాకు పోయింది, అసెంబ్లీ నియోజకవర్గం మాత్రం జనగామలోనే ఉంది. పటం పుట్టిన ఊరికి ఇప్పుడు రెండు జిల్లాల తలకాయలు.

2016 అక్టోబరు 11న ఒక్కరోజులో 21 కొత్త జిల్లాలు పుట్టాయి. జనగామవాళ్లు దీక్షలు, బందులు చేసి మరీ సాధించుకున్నారు. మానుకోట మహబూబాబాద్ జిల్లా అయింది, భూపాలపల్లికి జయశంకర్ సార్ పేరు వచ్చింది. పరిపాలన జనానికి దగ్గరైందో లేదో గానీ, జిల్లా అధ్యక్షులు, జిల్లా కార్యదర్శులు, జిల్లా సోషల్ మీడియా ఇన్‌చార్జులు మాత్రం చాలా దగ్గరయ్యారు. వరంగల్ ఒకటే జిల్లాగా ఉన్నప్పుడు స్టాంపు సైజులో ఉన్న తలలు రాత్రికి రాత్రి పోస్టుకార్డు సైజుకు పెరిగాయి. వికేంద్రీకరణ అంటే ఇదే కావచ్చు.

మహబూబాబాద్ దిక్కు పోతే బయ్యారం ఉంది. ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టొచ్చో లేదో ఆరు నెలల్లో తేల్చాలని 2014 విభజన చట్టంలో రాశారు. అప్పుడు బయ్యారం ఖమ్మం జిల్లాలోదే, ఇప్పుడు మహబూబాబాద్. జిల్లా మారింది, ఫ్యాక్టరీ రాలేదు. కానీ ఎన్నికలొచ్చినప్పుడల్లా ‘బయ్యారం ఉక్కు తెలంగాణ హక్కు’ అని ఫ్లెక్సీ లేస్తుంది, వెనక పొగ గొట్టాలు, నిప్పులు చిమ్మే కొలిమి, ముందు తెల్ల చొక్కా. బయ్యారం పేరు మీద ఇప్పటిదాకా నిలబడ్డ ఇనుము ఏదన్నా ఉంటే ఆ ఫ్లెక్సీలకు కొట్టిన ఫ్రేములే.

భూపాలపల్లిది ఇంకో లెవెలు. మేడిగడ్డ బ్యారేజీకి 85 గేట్లు. 2019 జూన్ 21న ప్రారంభమైనప్పుడు దాని ముందు ఫొటోలు దిగినవాళ్లు దిగారు. 2023 అక్టోబరులో ఏడో బ్లాకు కుంగినప్పుడు మిగతావాళ్లు దిగారు. 2024 ఫిబ్రవరిలో సర్కారువారు ఎమ్మెల్యేలను బస్సుల్లో తీసుకొచ్చి చూపించారు. మార్చి 1న ప్రతిపక్షంవారు వాళ్ల బస్సుల్లో వచ్చి వాళ్లూ చూపించారు. ఏ బస్సు దిగినా చెయ్యి మొదట పోయింది ఫోను మీదికే. ఎవరి ఫొటోలో పగులు ఎంత పెద్దగా కనబడాలో ముందే తీర్మానమైపోయింది. గోదావరి ఒక్కటే ఎవరి కెమెరా వంకా చూడకుండా పోయింది.

అదే జిల్లాలో గణపురం కోటగుళ్లున్నాయి. కాకతీయులనాటివి. ఇప్పుడవి పెళ్లికి ముందు జంటలు తప్పనిసరిగా తిరగాల్సిన క్షేత్రం. అమ్మాయి గౌను తోక పట్టుకోవడానికి ఒకడు, రంగు పొగ వదలడానికి ఒకడు, డ్రోన్‌కు ఒకడు. శతాబ్దాల ఎండకూ వానకూ ఓర్చుకొని నిలబడ్డ మదనిక, పోర్ట్రెయిట్ మోడ్ నొక్కగానే అర సెకనులో మసకబారిపోయింది. “అక్కా, ఆ రాయి అడ్డమొస్తుంది, జర ఇటు జరుగు” అన్నాడు కెమెరామన్.

పాలంపేట 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలోదే, తర్వాత ములుగుకు పోయింది. అక్కడి గుడిని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించినట్టు శాసనం ఉంది. పాపం, రాతిమీద రాయించుకున్నాడు గానీ చౌరస్తాలో పెట్టించుకోలేదు. అందుకే జనం దాన్ని శిల్పి పేరుతో రామప్ప గుడి అంటున్నారు. ఇప్పటి నాయకులెవరూ ఈ పొరపాటు చెయ్యరు.

బయటి దేశాల్లోనూ రుద్రుడిలాంటివాళ్లున్నారు. ‘ఐ లవ్ న్యూయార్క్’ అని మధ్యలో ఎర్ర గుండె పెట్టిన గుర్తును 1976లో మిల్టన్ గ్లేజర్ టాక్సీ వెనక సీట్లో కూర్చొని చిత్తు కాగితం మీద గీశాడు. పైసా తీసుకోలేదు. అందులో మేయర్ తలకాయ లేదు, గవర్నర్ తలకాయ లేదు. అదే గుండె మన పట్టణాలకు వచ్చేసరికి పక్కన శిలాఫలకం లేచింది, ఊరిని ప్రేమిస్తున్నవారి పేర్లు ప్రొటోకాల్ ప్రకారం చెక్కేశారు.

జనగామ పక్కనున్న పెంబర్తి ఇత్తడి పని సంగతీ అంతే. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పని. రేకును లక్క మీద పరిచి, వెనక నుంచి ఉలితో ఒక్కో దెబ్బా లెక్కపెట్టినట్టు కొట్టి నగిషీ తేల్చితే ఒక జ్ఞాపిక అవుతుంది. సభలో దాన్ని ఇచ్చేది ఒక చెయ్యి, పట్టుకునేవి పన్నెండు చేతులు. పన్నెండు మందీ కెమెరా వంకే చూస్తారు. నగిషీ మీద ఒకరి బొటనవేలు ఉంటుంది.

ఇంతకీ ఈ ఫ్లెక్సీని ఎవరు చూడాలని కడతారు? రోడ్డున పోయే మనిషి తలొంచి ఫోను చూసుకుంటాడు. ఆ సంగతి కట్టినవాళ్లకూ తెలుసు. కట్టగానే దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు, స్టేటస్ పెడతారు. చూసినవాళ్ల జాబితాలో ఎమ్మెల్యే గారి పీఏ పేరు కనబడగానే పని అయిపోయింది. ఆ తర్వాత గాలొచ్చి పీకినా, మున్సిపల్ ట్రాక్టరొచ్చి లాక్కుపోయినా ఎవరూ అడగరు.

అడిగేవాళ్లు మహబూబాబాద్‌లో ఉన్నారు, మిర్చి యార్డులో. సీజన్‌లో అకాల వాన మొదలైతే కుప్పల మీద కప్పడానికి టార్పాలిన్‌కన్నా ముందు ఫ్లెక్సీ దొరుకుతుంది. మందం, నీళ్లు దిగవు, పైసా ఖర్చు లేదు. ఒక రైతు కొడుకు పరదాను తిరగేసి బొమ్మ ఉన్న దిక్కు లోపలికి వేయబోతే తండ్రి గదమాయించాడు:

“అటు కాదు బిడ్డా. ఆ రంగు కాయకంటితే రేటు కోస్తరు. మొఖం మీదికే ఉండనియ్యి, తడిస్తే ఆయనే తడుస్తడు.”