వెనుక పక్క చూడకుండా డైట్ ప్యాకెట్ కొనే విధానం

డైట్, లైట్, షుగర్ ఫ్రీ, లో ఫ్యాట్ అన్న మాటలు ముద్రించిన ఆహారంతో మనశ్శాంతి పొందదలచిన కొనుగోలుదారు మొట్టమొదట అలవరచుకోవలసిన నియమం, ప్యాకెట్‌ను చేతిలోకి తీసుకున్న తరువాత దానిని వెనక్కి తిప్పకపోవడం. ముందు పక్కన ఉన్నది కంపెనీ తనంతట తాను చెప్పదలచుకున్న సంగతి, వెనుక పక్కన ఉన్నది చట్టం దాని చేత చెప్పించిన సంగతి. వీటిలో ఏది చదివితే ఆకలి పెరుగుతుందో, ఏది చదివితే అనుమానం పెరుగుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం కింద ఏర్పడిన కేంద్ర సంస్థ, అంటే వాడుకలో ఎఫ్ఎస్ఎస్ఏఐ, 2020లో ప్రకటించిన లేబులింగ్ నిబంధనలు శక్తి, మాంసకృత్తులు, పిండిపదార్థాలు, మొత్తం చక్కెర, విడిగా కలిపిన చక్కెర, మొత్తం కొవ్వు, సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు, కొలెస్టరాల్, సోడియం ఎంతెంత ఉన్నాయో పట్టికగా చూపాలని శాసించాయి గనుక, వెనక్కి తిప్పినవారికి దాపరికమేమీ కనిపించదు. కనిపించేదంతా చిన్న అక్షరాలలో ఉన్న నిజమే. డైట్ ఆహారం అమ్ముడుపోవడానికి కంపెనీ అబద్ధమాడవలసిన పని లేదు, కొనుగోలుదారు మణికట్టు తిప్పకుండా ఉంటే చాలు.

తెలుగువారికి ఈ నియమపాలనలో ప్రభుత్వ సహాయం కూడా కొంత అందుతున్నది. లేబుల్ మీద తప్పనిసరిగా ఉండవలసిన వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలోని హిందీలో గాని ఉంటే చాలునన్నది నిబంధన. వాటికి తోడు మరే భాషలోనైనా ముద్రించుకోవచ్చునన్నది అనుమతి మాత్రమే, ఆజ్ఞ కాదు. అందుచేత పెద్దాపురంలోనో సూర్యాపేటలోనో ఏళ్ల తరబడి షుగర్ మాత్రలు వేసుకుంటూ, రోజూ దినపత్రికను మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివే గృహిణి కూడా, తాను తినే బిస్కెట్ విషయంలో మాత్రం మనవడు చదివి చెప్పినదే నమ్మవలసి వస్తుంది. మనవడికి కూడా ఆ బిస్కెట్ ఇష్టమైతే వ్యవహారం మరింత సులువవుతుంది.

రెండవ నియమం, ప్యాకెట్‌లో ఏది లేదో దాని మీద దృష్టి నిలిపి, ఏది ఉందో మరచిపోవడం. ఆహార ప్రకటనలపై 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం 100 గ్రాములలో చక్కెర 0.5 గ్రాము మించకపోతే షుగర్ ఫ్రీ అని, కొవ్వు 0.5 గ్రాము మించకపోతే ఫ్యాట్ ఫ్రీ అని, ఘనపదార్థంలో కొవ్వు 3 గ్రాములు మించకపోతే లో ఫ్యాట్ అని చాటుకోవచ్చు. ఇవి దేనికవే లెక్కలు. చక్కెర లేదన్నంత మాత్రాన కొవ్వు లేదని గాని, కొవ్వు లేదన్నంత మాత్రాన చక్కెర లేదని గాని, రెండూ లేకపోతే కేలరీలు లేవని గాని చట్టం ఎక్కడా అనలేదు, ఆ మాట అనుకునే స్వేచ్ఛను మాత్రం కొనుగోలుదారుకు వదిలివేసింది. కేలరీ అని వాడుకలో పిలిచే కిలోకేలరీ ఆహారం శరీరానికిచ్చే శక్తికి కొలమానం. పిండిపదార్థాలలోను మాంసకృత్తులలోను గ్రాముకు 4, కొవ్వులో గ్రాముకు 9 చొప్పున ఉంటాయి. షుగర్ ఫ్రీ బిస్కెట్ నుంచి చక్కెర సెలవు తీసుకున్నా మైదా, పామాయిల్ తమ తమ స్థానాలలోనే ఉంటాయి, ఆ మైదా కడుపులోకి చేరాక గ్లూకోజుగానే మారుతుంది. పిండిని విడగొట్టి తయారుచేసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే తెల్లని పొడి పట్టికలోని చక్కెర గడిలోకి చాలావరకు రాకుండానే రక్తంలో గ్లూకోజును వేగంగా పెంచగలదు. తీపి కోసం వాడే మాల్టిటాల్ చక్కెర కాదు, పాలియోల్ వర్గానికి చెందినది. అందులో చక్కెర కంటే కేలరీలు తక్కువే గాని సున్నా కాదు, మోతాదు మించితే విరేచనాలు కావచ్చు. ఈ చివరి హెచ్చరికను కూడా కంపెనీ వెనుక పక్కనే పెడుతుంది గనుక మొదటి నియమాన్ని పాటించినవారికి అది మరునాడు ఉదయం గాని తెలియదు.

లేని దానిని మెచ్చుకునే ఈ పద్ధతికి పరాకాష్ఠ వంటనూనె సీసా. కొలెస్టరాల్ జంతు సంబంధమైన ఆహారంలో ఉండే కొవ్వుపదార్థం. వేరుశనగ, పొద్దుతిరుగుడు, నువ్వుల నూనెలలో అది చెప్పుకోదగ్గంతగా ఏనాడూ లేదు. ఎన్నడూ లేని దానిని ప్రత్యేకంగా తీసివేసినట్లు ప్రకటించే సీసాను చూసి సంతోషించి, 100 గ్రాముల నూనె ఏ గింజదైనా దాదాపు 900 కిలోకేలరీలేనన్న సంగతిని పక్కనపెట్టి, గారెలకు మరొక గరిటె ఎక్కువ పోయగలిగినవారు ఈ నియమాన్ని పూర్తిగా వంటపట్టించుకున్నట్లే. లైట్ అని రాసి ఉన్న ఆలివ్ నూనె విషయమూ ఇంతే; అక్కడ తేలిక అయినవి రంగు, రుచి మాత్రమే.

అన్నిటికన్నా సాధన అవసరమైనది సర్వింగ్ అనే భావన. సర్వింగ్ అంటే ఒక మనిషి ఒకసారి తింటాడని తయారీదారు భావించే పరిమాణం. తప్పనిసరి పరిస్థితిలో ప్యాకెట్ వెనక్కి తిరిగినప్పుడు కొనుగోలుదారు సర్వింగ్ ఎదుట ఉన్న అంకెను మాత్రమే చూడాలి, ఆ సర్వింగ్ ఎన్ని గ్రాములో, ప్యాకెట్‌లో అలాంటివి ఎన్ని ఉన్నాయో చూడరాదు. 150 గ్రాముల డైట్ మిక్స్చర్ ప్యాకెట్‌ను ఉదాహరణగా ఊహించవచ్చు. వేయించలేదు, కాల్చామని ముందు పక్కన పచ్చటి అక్షరాలు. వెనుక 100 గ్రాములకు 480 కిలోకేలరీలు, 900 మిల్లీగ్రాముల సోడియం. సర్వింగ్ 30 గ్రాములు. సర్వింగ్ లెక్కన చూస్తే 144 కిలోకేలరీలు, 270 మిల్లీగ్రాముల సోడియం మాత్రమే. 30 గ్రాములంటే పిడికెడు అటుకులు, నాలుగు పల్లీలు, రెండు కరివేపాకులు. సాయంత్రం టీవీలో సీరియల్ పేర్లు పడడం పూర్తయ్యేలోగా అది అయిపోతుంది. సీరియల్‌తో పాటు ప్యాకెట్ కూడా ముగిస్తే లెక్క 720 కిలోకేలరీలకు, 1,350 మిల్లీగ్రాముల సోడియానికి చేరుతుంది. సర్వింగ్‌లో ఉన్నది రోజువారీ సిఫారసులో ఎంత శాతమో చూపడానికి నిబంధనలు ఆధారంగా తీసుకున్నవి 2,000 కిలోకేలరీలు, 67 గ్రాముల కొవ్వు, 50 గ్రాముల కలిపిన చక్కెర, 2,000 మిల్లీగ్రాముల సోడియం. కాబట్టి ముద్రించినప్పుడు 13.5 శాతంగా ఉన్న సోడియం తినేటప్పుడు 67.5 శాతమవుతుంది. సోడియాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు లెక్క వస్తుంది, ఇక్కడ సుమారు 3.4 గ్రాములు. ఈ హెచ్చవేత ఎంత తేలికైనదో, కిరాణా కొట్లో నిలబడి దానిని చేసేవారు అంత అరుదు. ఊరగాయలో ఉప్పు ఎక్కువైందని భోజనాల దగ్గర పేచీ పెట్టే ఇంటి పెద్దకు కూడా సోడియం అన్న మాట కింద దాగిన ఉప్పు నాలుకకు తగలదు.

సర్వింగ్‌ను కుదించే కళలో అమెరికా చాలా ముందుకు వెళ్లింది. అక్కడి నిబంధనల ప్రకారం సర్వింగ్‌లో కొవ్వు గాని చక్కెర గాని అర గ్రాముకు తక్కువైతే సున్నా అని చూపవచ్చు. అందుచేత దాదాపు పూర్తిగా చక్కెరతోనే తయారైన టిక్ టాక్ బిళ్ల, అర గ్రాముకు కాస్త తక్కువ బరువు తూగుతూ, సున్నా గ్రాముల చక్కెరతో చాలాకాలం వర్ధిల్లింది. డబ్బా నొక్కితే చిమ్మే వంటనూనెకు సర్వింగ్ సుమారు పావు గ్రాము, అంటే మీట మీద వేలు పెట్టి క్షణంలో కొంత భాగం మాత్రమే నొక్కడం. డబ్బాలో ఉన్నది నూనే అయినా పట్టికలో కొవ్వు సున్నా. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పెనం మీద ఆ డబ్బాతో దోసె కాల్చే తెలుగువారు అంచులు ఎర్రబడే దాకా నొక్కినా, సున్నాను ఎన్నిసార్లు హెచ్చవేసినా సున్నాయేనన్న గణితం వారికి అండగా ఉంటుంది.

మూడవ నియమం, పోలికను విన్నప్పుడు దేనితో పోలికో అడగకపోవడం. తగ్గించినది, మరొకదాని కంటే తక్కువ అని చెప్పుకోవాలంటే పోల్చదగిన మామూలు సరుకు కంటే కనీసం 25 శాతం తేడా ఉండాలని భారతీయ నిబంధన. యూరప్‌లో లైట్ అనడానికి 30 శాతం తగ్గాలి. అమెరికాలో సాధారణంగా కేలరీలు మూడో వంతో, కొవ్వు సగమో తగ్గాలి. 100 గ్రాములకు 35 గ్రాముల కొవ్వు ఉండే బంగాళాదుంప చిప్స్‌లో పావు వంతు తీసివేస్తే మిగిలేది 26 గ్రాముల పైచిలుకు, అంటే లో ఫ్యాట్‌కు చట్టం గీసిన 3 గ్రాముల గీతకు ఎనిమిది రెట్లకు పైగా. తగ్గించినది, తక్కువ ఉన్నది ఒకటి కావన్న ఈ సూక్ష్మాన్ని పట్టించుకోనివారే ఆ చిప్స్‌ను నిశ్చింతగా తినగలరు.

పదార్థాల జాబితా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలన్నది నియమం గనుక, చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, మాల్ట్ సారం అని తీపిని నాలుగు పేర్లుగా పంచితే ఏ ఒక్కటీ మొదటి స్థానానికి రాదు, ఆ గౌరవం ఓట్స్‌కో గోధుమపిండికో దక్కుతుంది. చక్కెరకు మారుగా వాడే తీపి పదార్థాలు జాబితాలో అంకెలుగా కూడా కనిపిస్తాయి: 951 అంటే ఆస్పర్టేమ్, 955 అంటే సుక్రలోజ్, 960 అంటే స్టీవియా ఆకు నుంచి తీసిన తీపి. అంకెలు చూసి భయపడేవారు, ఆకు బొమ్మ చూసి ధైర్యపడేవారు సమానంగా లేబుల్ చదవనివారే. నేచురల్, ప్యూర్, ట్రెడిషనల్ వంటి మాటలను బ్రాండ్ పేరులో పెట్టుకున్న కంపెనీ, అది కేవలం పేరు మాత్రమేనని, సరుకు స్వభావాన్ని తెలపదని కనీసం 3 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాలతో ప్రకటించాలని నిబంధన. తన పేరును నమ్మవద్దని తానే రాసుకోవలసిన ఆ వాక్యం మీద బార్‌కోడ్ స్టిక్కర్ పడితే అది దైవానుగ్రహమనుకోవాలి.

తక్కువ కేలరీల సరుకును కొన్న తరువాత మిగిలిన కేలరీలను వృథా పోనివ్వకపోవడం తదుపరి కర్తవ్యం. 1992లో అమెరికాలో నబిస్కో సంస్థ స్నాక్‌వెల్స్ అనే పేరుతో కొవ్వు లేని, కొవ్వు తగ్గించిన కుకీలు విడుదల చేసినప్పుడు జనం అల్మరాలు ఖాళీ చేశారు. కొవ్వు తగ్గిన కుకీలో చక్కెర దండిగానే ఉన్నా, తక్కువ కొవ్వు గనుక ఎక్కువ తినవచ్చునన్న తర్కానికి ఆ కుకీ పేరే స్థిరపడింది. తెలుగునాట ఆ తర్కం బిర్యానీ ఆర్డరుతో పాటు డైట్ కోలా తెప్పించుకోవడంలో కనిపిస్తుంది. బరువు అదుపు కోసం చక్కెరకు మారుగా ఆస్పర్టేమ్, సుక్రలోజ్, స్టీవియా వంటి తీపి పదార్థాలను వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది, అయితే మధుమేహం ఇప్పటికే ఉన్నవారిని ఆ సూచన పరిధి నుంచి మినహాయించింది. సూచనను మరచి మినహాయింపును మాత్రం గుర్తుంచుకోవడం శ్రేయస్కరం.

హైదరాబాద్‌లో ఉండేవారు తార్నాక వైపు వెళ్లేటప్పుడు కొంత జాగ్రత్త వహించాలి. అక్కడ ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, కూనూరు నుంచి 1958లో తరలివచ్చినది, 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో లేబుళ్లను చదివి కొనండని జనాన్ని రెచ్చగొట్టింది, చక్కెర లేదన్న సరుకులో కొవ్వు ఉండవచ్చునని కూడా బయటపెట్టింది. ఇంకా ప్రమాదకరమైనది చిలీ దేశం. అక్కడ 2016 నుంచి చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలు హద్దు మీరిన ప్యాకెట్ల ముందు పక్కనే నల్లటి అష్టభుజి ముద్ర వేయాలి, వెనక్కి తిప్పకుండా ఉండే సుఖాన్ని అది సమూలంగా తీసివేసింది. భారతదేశంలో 2022లో దానికి బదులు అర నక్షత్రం నుంచి ఐదు నక్షత్రాల వరకు ఇచ్చే పద్ధతిని ప్రతిపాదించారు. ఎంత పేలవమైన సరుకుకైనా అర నక్షత్రమైనా దక్కే ఆ ఏర్పాటులో ఎవరినీ చిన్నబుచ్చని మర్యాద ఉంది.

ఇన్ని నియమాలు పాటించడం భారమనిపించేవారు మిఠాయి దుకాణానికి వెళ్లవచ్చు. పళ్లెంలో పోసి విడిగా అమ్మే మిఠాయి దగ్గర ఫలానా తేదీలోగా తినాలని సూచించే చీటీని 2020 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి చేశారు గాని, ప్యాకెట్ మీద ఉండే పోషకాల పట్టిక అక్కడ కనిపించదు. షుగర్ ఫ్రీ కాజు కత్లీలో జీడిపప్పు సొంతంగా తెచ్చుకునే కొవ్వు, అంటే దాని బరువులో దాదాపు సగం, అలాగే ఉంటుంది. పంచదార లేదని చెప్పే ఖర్జూరం లడ్డూలో ఖర్జూరపు బరువులో సగానికి పైగా ఉండేది చక్కెరే. తిప్పి చూడడానికి వెనుక పక్కంటూ లేని ఆ మిఠాయి ముందు నిలబడి, ఇది షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా అని అడిగితే, కౌంటర్ వెనుక ఉన్న అబ్బాయి తూకం పళ్లెం తుడుస్తూ, చక్కగా తినొచ్చు బాబాయి గారూ, అరకిలో వేయమంటారా, కిలో వేయమంటారా అని అడుగుతాడు.