ఏడో నంబరు ఐరన్ ఆత్మకథ

నేను గోల్ఫ్ కర్రను. నన్ను ఏడో నంబరు ఐరన్ అంటారు. ఎర్రగా కాలిన ఉక్కు ముక్కను అచ్చులో పెట్టి మోదితే నా తల తయారైంది. ముఖం మీద సన్నటి గాడులు తీసి, క్రోమియం పూత పూసి, ఉక్కు గొట్టానికి బిగించారు. కొసన రబ్బరు పట్టు తొడిగారు. సంచిలో నాకంటే పొడుగువి బంతిని దూరం పంపుతాయి, పొట్టి ఐరన్లు ఎత్తుకు లేపుతాయి. నేను మధ్యరకం. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచుగా నాతోనే మొదలుపెడతారు.

నా యజమానిది భిలాయి. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో పుట్టిన ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు అది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మా యజమాని తండ్రి శ్రీకాకుళం నుంచి పని వెతుక్కుంటూ వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, శనివారం సెక్టార్ 5 బాలాజీ గుడి.

నా యజమాని ఉద్యోగం ఆ కర్మాగారంలోని రైలు పట్టాల మిల్లులో. దాదాపు 1,200 డిగ్రీల వేడి మీదున్న ఉక్కు దిమ్మ రోలర్ల మధ్య సాగి సాగి 130 మీటర్ల పట్టాగా బయటికొస్తుంది. మీటరుకు 60 కిలోల చొప్పున ఒక్కోటీ ఎనిమిది టన్నులకు కాస్త తక్కువ. దాని మీద రైళ్లు పరుగెత్తాలి, వాటిలో మనుషులుంటారు. ఏమరుపాటుకు అక్కడ చోటు లేదు. షిఫ్టు దిగినా ఆ బిగువు ఆయన భుజాలను వదిలేది కాదు. ఆయన వేళ్లు నన్ను పట్టుకోగానే నాకు తెలిసిపోయేది.

క్వార్టరు పెరట్లో వల కట్టి నాతో బంతులు కొట్టేవాడు. బంతి వలకు తగిలి జారిపడేది, ఎటు వెళ్లేదో అంతుపట్టేది కాదు. సెలవుల్లో దుర్గ్‌లో విశాఖ రైలెక్కి అత్తవారింటికి వెళ్లినప్పుడు, బావమరిది మమ్మల్ని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కు తీసుకెళ్లాడు. సాధన చేసేచోట బుట్టెడు బంతులు, ఎదురుగా ఖాళీ పచ్చిక.

మొదట్లో అన్నీ నేలబారు దెబ్బలే. "బావా, నువ్వు బంతిని లేపాలని చూడకు. అది కర్ర పని. చేతులు వదులు చెయ్యి" అన్నాడు బావమరిది.

నిజమే. నా ముఖం వెనక్కి వాలి ఉంటుంది. కిందికి దిగుతూ బంతిని ముందు తాకి, ఆ తర్వాత పచ్చికను తాకితే చాలు, బంతి తనంతట తానే లేస్తుంది. మా ఇద్దరి స్పర్శ సెకనులో వెయ్యో వంతుకు సుమారు సగమే ఉంటుంది. 46 గ్రాములైనా లేని ఆ బంతి వెనక్కి గిర్రున తిరుగుతూ వెళ్తుంది. దాని ఒంటి నిండా ఉన్న గుంటలు గాలి లాగుడును తగ్గిస్తాయి, ఆ తిరుగుడు దాన్ని పైకెత్తుతుంది.

ఆయన పట్టు సడలింది. ఒకటి వంకరగా పోయింది, ఇంకోటి నేలను తవ్వింది, మరొకటి తిన్నగా లేచింది. వంకర దెబ్బకు ఎవరూ జవాబు అడగలేదు, కాగితం మీద రాయలేదు. బుట్టలోంచి ఇంకో బంతి తీసుకున్నాడు, అంతే. ఉక్కును వంచే మనిషికి విశ్రాంతి అంటే ఊరికే కూర్చోవడం కాదు. తప్పు చేసినా ఎవరికీ నష్టం లేని చోట, మనసుపెట్టి ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం. శ్రమించే ఊరికి బడి, ఆసుపత్రి ఎంత అవసరమో అలాంటి జాగా కూడా అంత అవసరమని నేను నమ్ముతున్నాను.