కొనుక్కోలేని సెకన్లు

లక్షణంగా నడుస్తున్న కారును డబ్బు పెట్టి మరీ పాడుచేసుకున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఏ మెకానిక్కూ మోసం చేయలేదు. తెలిసినవాళ్లు వద్దని చెప్పారు కూడా. అయినా చేశాను. ఎందుకు చేశానో, అప్పుడు నాకు తెలియనిదేమిటో, తెలిసి కూడా కళ్లు మూసుకున్నదేమిటో దాచకుండా రాస్తే, అదే దారిలో అడుగు పెట్టబోతున్న మరొకరికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఆ కారు 2007 హోండా సివిక్ ఎస్ఐ, నాలుగు తలుపులది. డాలస్ వచ్చిన కొత్తలో పాతబండిగా కొన్నాను. రెండు లీటర్ల ఇంజను, 197 హార్స్‌పవర్, ఆరు గేర్లు. ఎనిమిది వేల ఆర్‌పీఎం దాకా హాయిగా గుంజుకుపోయేది. వారమంతా ఆఫీసుకు, శనివారం ఫ్రిస్కోలో హనుమంతుడి గుడికి, వెనకసీట్లో పాప కారుసీటు. మా ఇంటికి అంతకు మించిన బండి అవసరం లేదు. ఆ మాట అప్పుడే అనుకుని ఉంటే ఈ కథే లేదు.

ఆఫీసు మిత్రుడొకాయన ఒక ఆదివారం నన్ను ఆటోక్రాస్‌కు తీసుకెళ్లాడు. పెద్ద పార్కింగ్ మైదానంలో నారింజరంగు కోన్లు పేర్చి మలుపుల దారి కడతారు. ఒక్కో కారు విడిగా, గడియారంతో పోటీ పడుతూ ఆ దారి తిరిగి రావాలి. మొత్తం పరుగు నిమిషం లోపే. కోను పడగొడితే రెండు సెకన్ల జరిమానా. దారి తప్పితే ఆ పరుగు లెక్కలోకి రాదు. అమెరికాలో 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ఈ పోటీలను 'సోలో' పేరుతో నడుపుతుంది. మామూలు రోడ్డు మీద చట్టం ప్రకారం నడిపేటప్పుడు ఉండే ప్రమాదం కన్నా ఇక్కడ ఎక్కువ ఉండకూడదన్నది ఆ క్లబ్బు పెట్టుకున్న సూత్రం. అందుకే ఇంట్లో వాడుకునే కారుతోనే ఎవరైనా పాల్గొనవచ్చు. పొద్దున్నే బండిని తనిఖీ చేస్తారు: బ్యాటరీ గట్టిగా బిగించి ఉందా, చక్రాల నట్లు సరిగ్గా ఉన్నాయా, బ్రేకు పెడల్ గట్టిగా ఉందా, లోపల దొర్లే సామాను ఏమైనా ఉందా అని. హెల్మెట్ పెట్టుకోవాలి. నడపడం అయ్యాక ఎంతటివాడైనా ఎండలో నిలబడి, ఇతరులు పడగొట్టిన కోన్లు లేపి పెట్టాలి.

ఈ పోటీల్లో 'స్ట్రీట్' అనే విభాగం ఉంది. కంపెనీ ఇచ్చిన కారును దాదాపు ఉన్నదున్నట్టుగా తెచ్చుకునేవాళ్ల కోసమే అది. షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు, బ్రేక్ ప్యాడ్లు మార్చుకోవచ్చు, మలుపుల్లో బండి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ, అంటే యాంటీ రోల్ బార్, ముందుదో వెనకదో ఒకటి మార్చుకోవచ్చు. టైరు అంచు మీద ట్రెడ్‌వేర్ అంకె 200కు తగ్గకూడదు. ఆ అంకె ఎంత తక్కువైతే టైరు అంత మెత్తన, అంత పట్టు, అంత త్వరగా అరుగుదల. కుటుంబాలు వాడే టైర్ల మీద ఆ అంకె సాధారణంగా 400 పైనే ఉంటుంది. స్ప్రింగులు మాత్రం కంపెనీవే ఉండాలి, చక్రాల వెడల్పు పెంచకూడదు. ఈ నిబంధనల పుస్తకం ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. నేను చదవలేదు. మిగిలిన తప్పులన్నీ ఆ ఒక్క బద్ధకంలోంచి పుట్టినవే.

మొదటి పోటీలో నా పక్కన కూర్చుని నేర్పడానికి ఒక పెద్దాయన వచ్చాడు. ఏళ్ల తరబడి ఆ మైదానాల్లోనే ఆదివారాలు గడిపిన మనిషి. నా పరుగులు చూశాక, "ఒకసారి నేను నడపనా?" అని అడిగాడు. తాళం ఇచ్చాను. అదే కారు, అవే అరిగిన టైర్లు, అదే దారి. నాకన్నా నాలుగు సెకన్లు తక్కువలో తిరిగొచ్చాడు. ఆయన స్టీరింగ్ నాకన్నా తక్కువ తిప్పాడు, బ్రేకు నాకన్నా ముందే వదిలాడు. చూపు ఎప్పుడూ ఎదురుగా ఉన్న కోను మీద కాకుండా దాని తర్వాతి మలుపు మీద ఉంది. ఇవన్నీ పక్కసీట్లో కూర్చుని కళ్లారా చూశాను. దిగుతూ ఆయన ఒకటే చెప్పాడు: "ఈ ఏడాది బండికి ఏమీ కొనకు. పోటీలకు వస్తూ ఉండు, చాలు."

నా కారులో నాలుగు సెకన్లు అప్పటికే ఉన్నాయని ఆ రోజు రుజువైంది. అంతకన్నా స్పష్టంగా ఎవరు చూపించగలరు? అయినా ఆ రాత్రి ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని విడిభాగాలు వెతికాను. సిగ్గేసింది, అదీ అసలు సంగతి. పదిమందిలో వెనకబడ్డానన్న సిగ్గు. నేర్చుకోవడానికి కాలం పడుతుంది. కొనడానికి నిమిషం చాలు. శ్రుతి తెలియనివాడు వీణ తీగలు మార్చి పాట కుదురుతుందని ఆశపడ్డట్టు, చేతకానితనాన్ని సామానుతో కప్పిపుచ్చుకోవచ్చనుకున్నాను.

బండి మలుపుల్లో పక్కకు ఒరుగుతోంది, కాబట్టి ఒరగకుండా చేస్తే వేగం వస్తుంది. ఇదీ నా తర్కం. ఎత్తు తగ్గించే పొట్టి స్ప్రింగులు కొన్నాను. ముందువైపు లావుపాటి యాంటీ రోల్ బార్ కొన్నాను. వెడల్పాటి చక్రాలు కొన్నాను. గ్యారేజీలో రాత్రుళ్లు కూర్చుని నేనే బిగించాను. బయటికి తీసి చూస్తే టైరుకీ ఫెండరుకీ మధ్య సందు తగ్గి, బండి నేలకు అతుక్కున్నట్టు ఠీవిగా ఉంది. ఫొటోలు తీసి తమ్ముడికి పంపాను. చూడ్డానికి రేసుకారు. నడపబోతే మొండిబండి.

ఎందుకలా అయిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇదంతా కొనకముందు చదవాల్సిన చదువు. మలుపులో బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదకు పోతుంది. ఎంత పోతుందో తేల్చేవి ప్రధానంగా మూడు: బండి గరిమనాభి ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, మలుపు తిరిగే తీవ్రత. స్ప్రింగులు, బార్లు ఆ మొత్తాన్ని పెద్దగా తగ్గించవు. ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అనే పంపకాన్ని మాత్రమే మారుస్తాయి. టైరుకు ఇంకో గుణం ఉంది. మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అందుకని ఒక జత టైర్లలో బయటిదాని మీదకు ఎంత బరువు నెడితే ఆ జత మొత్తం పట్టు అంత తగ్గుతుంది. నా సివిక్‌లో ఇంజనూ ముందే, నడిపే చక్రాలూ ముందువే, తిప్పే చక్రాలూ ముందువే. భారమంతా మోస్తున్న ఆ జతకే నేను లావు బార్ వేసి మరింత భారం పెట్టాను. బార్ మార్చాలనుకుంటే నాలాంటి బండికి వెనకవైపు మార్చాల్సింది.

స్ప్రింగుల సంగతి ఇంకా ఘోరం. సివిక్ ముందు చక్రాలకు మాక్‌ఫర్సన్ స్ట్రట్ అమరిక ఉంటుంది. ఇందులో చక్రాన్ని బాడీకి కలిపే కింది చేతి కోణమే సగం లెక్క. బండిని బాగా దించితే ఆ చేయి అడ్డంగా ఉండాల్సింది చక్రం వైపు పైకి లేస్తుంది. దాంతో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్, బాడీ దిగినదానికన్నా ఎక్కువ దిగిపోతుంది. గరిమనాభికీ దానికీ మధ్య దూరం పెరిగి, బాడీని పక్కకు వంచే శక్తి పెరుగుతుంది. సస్పెన్షన్ నొక్కుకున్నకొద్దీ టైరు నేలమీద చదునుగా నిలబడాల్సింది పోయి, బయటి అంచు మీద వాలుతుంది. పైగా స్ప్రింగు కదలడానికి చోటు తగ్గిపోయింది. మలుపు మధ్యలో సస్పెన్షన్, దాని కదలికకు చివరి అడ్డుగా ఉండే బంప్ స్టాప్‌కు తగిలేది. తగిలిన క్షణాన ముందు టైరు మీద బరువు ఒక్కసారిగా పడి, స్టీరింగు తిప్పినా బండి ముక్కు తిరగక తిన్నగా జారిపోయేది. టెక్సస్ వేసవి తారు మీద ఆ టైర్లు వేడెక్కి మరీ జారేవి. పరుగుకూ పరుగుకూ మధ్య అందరూ టైర్ల మీద నీళ్లు చల్లుకునేవారు. నేనూ చల్లేవాణ్ని. కొన్ని పోటీలకే ముందు టైర్ల బయటి భుజాలు నున్నగా అరిగిపోయాయి.

స్ప్రింగులు మార్చడంతో 'స్ట్రీట్' విభాగంలో నాకు చోటు పోయింది. మార్పులు చేసిన కార్ల విభాగంలోకి నెట్టారు. అక్కడివాళ్లు ఒక్కో భాగాన్నీ కొలిచి, ఎంచి, ఏళ్ల తరబడి సరిచేసుకున్నవాళ్లు. వాళ్ల మధ్య నేను ఎప్పుడూ చివరే. అప్పటిదాకా పోల్చుకోదగ్గ మనుషులతో పోటీపడే అవకాశం నాకుండేది. దాన్ని నా డబ్బుతో నేనే పోగొట్టుకున్నాను. నెబ్రాస్కాలోని లింకన్‌లో జరిగే జాతీయ పోటీలకు కూడా స్ట్రీట్ విభాగంలో కంపెనీ స్ప్రింగులతోనే వస్తారు. ఆ కార్లు తిరిగే తీరు చూస్తే, కంపెనీ బండిలో ఎంత సత్తా ఉంటుందో అర్థమవుతుంది.

ఇక ఇంటి సంగతి రాయకుండా ఈ ఒప్పుకోలు పూర్తికాదు. ఆ కారు మా అందరిదీ. స్పీడ్ బ్రేకరు దాటితే అడుగున గీసుకునేది. రోడ్డు అతుకులన్నీ వెన్నుకు తగిలేవి. కారెక్కగానే నిద్రపోయే పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. మా ఆవిడకు సామాను ధరలు సగం చేసి చెప్పాను. మిగతా సగం, ఊళ్లో అమ్మ కంటి ఆపరేషన్‌కు వెళ్లాలని పక్కన పెట్టిన టికెట్ల డబ్బు. బిల్లు కాగితం ఆమె చేతికి దొరికింది. కేకలు వేయలేదు. "ఏమండీ, అత్తయ్యకి ఏమని చెప్తారు?" అని మాత్రం అడిగింది. ఆ ప్రయాణం వాయిదా పడింది. అమ్మ పక్కన నిలబడాల్సిన నేను ఆపరేషన్ అయిన సంగతి ఫోన్లో విన్నాను.

ఇంకొకటి చెప్పాలి. ఒక సాయంత్రం వాన పడుతుండగా హైవే ఎక్కే వంపులో, మైదానంలో వెళ్లినట్టు వేగంగా వెళ్లాను. భుజాలు అరిగిన టైర్లు, బంప్ స్టాప్ మీద కూర్చున్న సస్పెన్షన్, వెనకసీట్లో పాప. బండి ముక్కు తిరగలేదు. గోడ దాకా వెళ్లి ఆగింది, తగల్లేదు. అది నా నేర్పు కాదు. అక్కడ కోన్లు లేవు, రెండు సెకన్ల జరిమానా లేదు. ఉన్నది కాంక్రీటు గోడ. ఆటను ఖాళీ మైదానంలో ఎందుకు పెట్టారో ఆ క్షణంలో తెలిసింది.

ఆ వారంలోనే పాత స్ప్రింగులు, పాత బార్, పాత చక్రాలు తిరిగి బిగించాను. కొన్నవాటిని అమ్మితే పెట్టినదాంట్లో కొద్దిగానే తిరిగొచ్చింది. నాలుగు మంచి టైర్లు వేసి, అలైన్‌మెంట్ చేయించాను. పోటీకి గంట ముందే వెళ్లి దారంతా నడిచి, ఒక్కో మలుపుకూ దాని తర్వాతి మలుపు ఎటుందో గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టాను. కోన్లు లేపే వంతులో నిలబడి, వేగంగా తిరిగేవాళ్లు బ్రేకు ఎక్కడ వదులుతున్నారో చూశాను. అప్పుడు తగ్గాయి సెకన్లు. ఆ పెద్దాయన మొదటిరోజు నా కారులోంచి తీసి చూపించినవే అవి.

ఈ ఆట మీద నాకు ప్రేమ తగ్గలేదు, పెరిగింది. అందుకే కొత్తగా వచ్చేవాళ్లను అడుగుతున్నాను. ముందు నిబంధనల పుస్తకం చదవండి. బండికి కొత్త బ్రేకు ఆయిల్ పోయించండి, బేరింగులు, గొట్టాలు చూపించండి, చక్రాల నట్లు టార్క్ రెంచితో కంపెనీ చెప్పినంతే బిగించండి. నా సివిక్‌కు అది 80 పౌండ్-అడుగులు. టైరు అంచున సుద్దముక్కతో గీతలు గీసి, పరుగు తర్వాత ఎంతవరకు చెరిగాయో చూసి గాలి సరిచేసుకోండి. సుద్దముక్క ఖర్చు ఏపాటిది? ఉన్న టైర్లు అరిగేదాకా వాటితోనే నేర్చుకోండి. తర్వాత మంచి టైర్లు, తర్వాత అలైన్‌మెంట్, ఆ తర్వాతే షాక్ అబ్జార్బర్లు. ఏదైనా కొనే ముందు మీకన్నా అనుభవమున్నవాళ్ల చేతికి తాళమిచ్చి, గడియారం చూడండి.

మన దేశంలోనూ ఆటోక్రాస్ ఉంది. మోటార్ క్రీడలను అక్కడ నడిపించే సమాఖ్య ఎఫ్ఎమ్ఎస్‌సీఐ. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో కొత్త కారు కొని, మొదటి జీతాలతో స్ప్రింగులు వెతుకుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. వేగం కావాలంటే మైదానానికి వెళ్లండి, రోడ్డు మీద వద్దు. ఇంటి అవసరానికి దాచిన డబ్బు ముట్టుకోకండి. ముందు నడపడం నేర్చుకోండి, బండి సంగతి తర్వాత చూడవచ్చు.